పళ్ళచక్రానికి ఆరు బోల్టులు

కిందటి ఏడాది నవంబరు పదహారో తేదీ, ఆదివారం. ఆ పొద్దున ఇంట్లో సర్వపిండి చేశారు. రాఘవేందర్‌కు ఆ రోజు గుర్తుండిపోవడానికి కారణం సర్వపిండి కాదు గానీ, ఆ తేదీ తలుచుకున్నప్పుడల్లా ముందు నాలుక మీదికి వచ్చేది ఆ నువ్వులూ పచ్చిమిరపకాయల రుచే. సగం ముక్క తిని, మిగతా సగం కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని, కూతురి వెంట అల్వాల్ అవతలి ఎర్రమట్టి మైదానానికి బయల్దేరాడు. అక్కడ ఒక దిబ్బ దిగుతుండగా సృజన బండి వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయింది. బండి ఒకవైపు, పిల్ల ఒకవైపు పడ్డాయి. కంచె దూకి పరిగెత్తిన తండ్రికి, జేబులో సర్వపిండి పొడిపొడి అయిన సంగతి ఇంటికొచ్చి చొక్కా విప్పేదాకా తెలియలేదు.

పెద్ద దెబ్బలేం తగల్లేదు. ఎడమ మణికట్టు వాచింది, హెల్మెట్ గీసుకుపోయింది. ముందురోజు రాత్రి చినుకులు పడి మట్టి మెత్తగా ఉంది. వెనక వచ్చే బండి దూరంగా ఉంది. పడ్డ పిల్ల పడ్డచోటి నుంచే చెయ్యెత్తి "ఏం కాలే" అని చూపించింది. ఇలాంటి చిన్న చిన్న కనికరాలను ఏరుకుని దాచుకోవడం భార్య కాంతమణి పోయినప్పటి నుంచి రాఘవేందర్‌కు అలవాటైంది. పెద్దవాటి కోసం ఎదురుచూడటం ఎప్పుడో మానేశాడు.

అతను బీఎస్సీ చదివి, విద్యుత్ శాఖలో మీటర్లు పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. మారేడ్‌పల్లిలో పాత ఇల్లు. కాంతమణి పోయాక సిద్దిపేట నుంచి అక్క అనసూయమ్మ వచ్చి వంటిల్లు అందుకుంది. సృజన కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షలు చేస్తుంది. తల్లి పోయిన ఏడాదంతా ఆ ఇంట్లో ముగ్గురూ మెత్తటి చెప్పులు వేసుకున్నట్టు తిరిగారు. తర్వాత ఒకరోజు సృజన ఎవరో వాడిన మట్టి బండి ఒకటి కొని ట్రాలీ మీద ఎక్కించుకొచ్చింది. రోడ్డు మీద తిరిగే బండి కాదది. దిబ్బల మీద ఎగరడానికి చేసిన సన్నటి పొడుగుకాళ్ళ బండి. లైట్లుండవు, కూర్చునే చోటు పెన్సిల్ డబ్బా అంత. దాన్ని చూసి అనసూయమ్మ, "దీనికేంది, బక్కచిక్కిన మేకపోతు లెక్కున్నది" అంది. సృజన నవ్వింది. అలా నవ్వగా నవ్వగా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు విన్న రోజే ఆ బండి తమ ఇంటి మనిషి అయిపోయిందని రాఘవేందర్ లెక్క.

అలాంటి బండి రెండోసారి మోసం చేసింది.

వెనక చక్రానికి అన్నం పళ్ళెమంత పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. చైన్ లాగేది దాన్నే. దాన్ని చక్రానికి పట్టి ఉంచేవి ఆరు బోల్టులు. అవి వదులైతే పళ్ళచక్రం ఊగుతుంది, చైన్ పక్కకు జారుతుంది, జారినది ఎక్కడో ఒకచోట ఇరుక్కుని చక్రాన్ని పట్టేస్తుంది. సెప్టెంబరులో మొదటిసారి కొత్త పళ్ళచక్రం వేయించినప్పుడే బోల్టులు వదులయ్యాయి. అప్పుడు చప్పుడు తేడాగా వినిపించి సృజన ముందే ఆపేసింది. అప్పటికే చైన్ పళ్ళను కొరికేసింది, ఇంజన్ మూత అంచు పెచ్చు ఊడింది. మళ్ళీ కొత్తది వేశారు. ఈసారి పడనే పడింది.

ఆ సాయంత్రం మణికట్టుకు కాపడం పెట్టించుకుంటూ సృజన అంది. "ఇంకొక్కసారి గిట్లయితే బండి జెరెమియాకు ఇచ్చేస్తా నాన్నా. ఎప్పటి సంది అడుగుతుండు."

జెరెమియా అల్వాల్ కుర్రాడు, ఆమెతోపాటు అదే మైదానంలో బండి నడుపుతాడు. సృజన ఆ మాట అరిచి చెప్పలేదు, ఏడ్చి చెప్పలేదు. కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా చెప్పింది. రాఘవేందర్‌కు భయం వేసింది అందుకే. డిసెంబరు మొదటి ఆదివారం పోటీ ఉంది. ఆ రోజు బోల్టులు కదిలితే బండి ఇంటినుంచి పోతుంది. బండితోపాటు ఇంకేం పోతుందో అతనికి తెలుసు.

బండి బాగుచేసేది షంషీర్. బన్సీలాల్‌పేట్‌లో పాత బావికి పోయే సందులో అతని షెడ్డు. మంగళవారం మధ్యాహ్నం రాఘవేందర్ వెళ్ళేసరికి బండి స్టాండు మీదుంది, వెనక చక్రం ఊడదీసి బల్ల మీదుంది. షంషీర్ దాని ఎదుట స్టూలు వేసుకుని, అలిగిన చుట్టంతో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్లాయె సార్ పానా పట్టి," అన్నాడు. "నేను బిగించిన బోల్టు నాతోని మజాక్ చేస్తున్నది."

"బోల్టులు మంచివేనా?"

"అసలీవి. డబ్బా మీరే తెచ్చిన్రు కదా. కొలిచి బిగించే పానాతోనే బిగించిన. ఎదురెదురు బోల్టులు, ఒకటి ఇటు, ఒకటి అటు. జిగురు మందు సుత ఏసిన. బోల్టు మీదికెల్లి చక్రం మీదికి తెల్లరంగు గీత సుత గీసిన, కదిలితే ఎరుకైతదని. కదిలింది. ఎరుకైంది. ఏం ఫాయిదా?"

"మందు నకిలీదేమో."

"అదే మందు మా బామ్మర్ది ఆటోకు ఏసిన. రెండేండ్ల సంది ఊడదీయనీకి వస్తలేదు."

మొన్న ఆదివారమే షంషీర్ నోరు జారి, బేటీ దిబ్బ మీదికెల్లి దిగుడు జెర గట్టిగ దిగుతుందేమో అన్నాడు. సృజన వెంటనే, "అంటే నాకు దిగుడు రాదంటవా చాచా?" అని పట్టుకుంది. "నేనట్లన్ననా? బోల్టుకు నోరుంటే అది చెప్తుండెనేమో" అని తప్పించుకున్నాడు. అందుకే ఇవాళ ఆమె లేని వేళ చూసి రాఘవేందర్‌ను పిలిపించాడు.

"పళ్ళచక్రం మొత్తం ఊడదీసి చూద్దాం సార్. మనసున పడ్తలేదు."

మిగిలిన బోల్టుల్లో రెండింటికి జిగురు ఇంకా కొంచెం పట్టి ఉంది. అది వదలాలంటే వేడి తగలాలి. షంషీర్ హీట్ గన్ పెట్టి నట్టుల మీదికి వేడిగాలి కొట్టాడు. కాసేపటికి షెడ్డులో పెట్రోలు వాసనను తోసుకుంటూ ఇంకేదో వాసన వచ్చింది. రాఘవేందర్ వీధివైపు చూశాడు. పక్కింట్లో ఎవరో పోపు మాడబెట్టారనుకున్నాడు. పక్కన ఇల్లు లేదు, టైర్ల గోదాము ఉంది.

బోల్టులు వచ్చాయి. షంషీర్ పళ్ళచక్రాన్ని మెల్లగా లేపాడు. చక్రానికి ఆనుకునే వైపున, ఒక్కో రంధ్రం చుట్టూ పసుప్పచ్చటి వలయం. కొన్నిచోట్ల అది ఎండి పెచ్చులు కట్టింది, కొన్నిచోట్ల నలిగి పిండి అయింది, పిండి రాలిపోయిన చోట ఇనుము రాసుకుని మెరుస్తోంది. రాఘవేందర్ బొటనవేలితో రుద్దాడు. వేలు పచ్చబడింది. ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

పసుపు.

వాళ్ళింట్లో కొత్త వస్తువేది వచ్చినా మొదటి రాత్రి దేవుడి గూటి దగ్గర నిద్ర చేయాల్సిందే. మిక్సీ కానీ, ఫ్యాన్ కానీ, చివరికి నీళ్ళ మోటారు కానీ. అనసూయమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది, తెల్లారి అది పనిలోకి పోతుంది. రెండు పళ్ళచక్రాలూ అలాగే నిద్ర చేశాయి. దీపపు కుందెకు ఆనుకుని పచ్చగా కూర్చున్న ఆ చక్రాన్ని రాఘవేందర్ తన కళ్ళతో చూశాడు, చూసి దండం పెట్టుకున్నాడు కూడా. రోజూ చూసే గోడ మీది పగులు కనబడనట్టు ఆ పసుపు అతనికి కనబడనే లేదు. మొదటిది చెడిపోయాక అక్క, పిల్లకు దిష్టి తగిలిందని, రెండోదానికి పసుపును నువ్వులనూనెలో కలిపి మరింత మందంగా రాసింది. వేలు పెట్టి రంధ్రాల లోపల కూడా.

మీటర్ల దగ్గర ఇన్నేళ్ళు గడిపిన మనిషికి మిగతాది ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఇనుము ఇనుము మీద కూర్చోవాలి. మధ్యలో ఎండిన పసుపుంటే బిగించేటప్పుడు గట్టిగానే తగులుతుంది. పానా కూడా సరిపోయిందనే చెబుతుంది. బండి నాలుగు దిబ్బలు ఎగిరాక పసుపు నలిగి పొడవుతుంది, వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. బోల్టు వదులు కావడానికి ఆ వెంట్రుకవాసి చాలు. మరల్లోకి దిగిన నూనె మీద జిగురు మందు ఎలాగూ పట్టదు.

"నీకు కనబడలేదా షంషీర్?" అని అడిగాడు.

షంషీర్ హీట్ గన్ తీగ చుట్టి పక్కన పెట్టాడు. "కనబడ్డది సార్."

"మరి?"

"గ్రీజయితే తుడుస్తుంటి. మట్టయితే పెట్రోలు పెట్టి కడుగుతుంటి. అమ్మ పూజ చేసి పంపిన చీజ్ అది. నేనెట్ల తుడుస్త? పైన పెట్టిన బొట్టు సుత చెరగకుంట, బట్ట అడ్డం పెట్టి బిగించిన." గొంతు తగ్గించాడు. "కింద అంత మందంగున్నదని తెల్వది సార్. తెలిసినా ఏం చేస్తుంటినో."

రాఘవేందర్ స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చున్నాడు. కోపం వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఒకరు పిల్ల క్షేమంగా ఉండాలని రాశారు. ఒకరు ఆ రాసినదాన్ని గౌరవించి వదిలేశారు. తాను దండం పెట్టుకుని ఊరుకున్నాడు. దీంట్లో ఎవరిని తప్పు పట్టాలి?

"చాయ్ చెప్తవా?" అన్నాడు చివరికి.

"గదే ఆలోచిస్తున్న సార్."

సాయంత్రం మేడమీద సృజనకు చెబితే ఆమె నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. "అత్తకు చెప్పకు నాన్నా. పరేషాన్ అయితది. కొత్తది వచ్చినంక ఆమె రాసింది మనం చప్పుడు చేయక కడిగేద్దాం."

మొదట రాఘవేందర్‌కూ అదే మంచిదనిపించింది. అనసూయమ్మ సంగతి అతనికి తెలుసు. చిన్నప్పుడు ఆమె చంకలోంచి జారిపడి తన నుదురు పగిలితే రెండు రోజులు అన్నం ముట్టని మనిషి. నీ పసుపే పిల్లను పడేసిందని ఏ నోటితో చెప్పడం? అలాగని ఆమె తెల్లారుజామున లేచి, తలస్నానం చేసి, మనసుపెట్టి రాసినదాన్ని తాము దొంగల్లా కడిగేయడమూ అతనికి సయించలేదు. కొత్త పళ్ళచక్రం వచ్చేదాకా, రెండు వారాలకు పైగా, చెప్పులో రాయి పెట్టుకుని నడిచినట్టు నడిచాడు. పాలు తేవడానికి వెళ్ళినా అదే, కూరలు తేవడానికి వెళ్ళినా అదే. రోజూ అన్నం వడ్డించేటప్పుడు చెబుదామనుకునేవాడు. ఆమె "ఇంకింత పప్పు ఏయనా?" అనగానే మాట పప్పులో కలిసిపోయేది.

చివరికి అతను చూసుకోకుండానే ఆ ఘడియ వచ్చింది. పోటీకి ముందు శుక్రవారం బజారు నుంచి వచ్చేసరికి పార్శిల్ డబ్బా విప్పి ఉంది. కొత్త పళ్ళచక్రం దేవుడి గూటి ముందు పీట మీదుంది. వంటింట్లో అనసూయమ్మ పసుపుకొమ్ములు దంచుతోంది. ప్యాకెట్ పసుపులో సత్తువ లేదని ఆమె తేల్చుకుంది.

"అక్కా, జెరాగు."

"ఏందిరా?"

"ఆ పసుపు బండికి పడ్తలేదు."

రోకలి ఆగింది. "పసుపు పడకపోవుడేందిరా? లోకం మీద పసుపు పడనిదుంటదా?"

రాఘవేందర్ సంచి కింద పెట్టి, గడపలోనే కూర్చుని మొత్తం చెప్పాడు. ఇనుము సంగతి, వెంట్రుకవాసి ఖాళీ సంగతి, షంషీర్ తుడవకుండా బట్ట అడ్డం పెట్టుకుని బిగించిన సంగతి. ఎక్కడా "నువ్వు" అనే మాట రాకుండా, అన్నంలో రాయి ఏరినట్టు ఏరేస్తూ చెప్పాడు. అనసూయమ్మ కళ్ళార్పకుండా విన్నది.

"అంటే, రాసింది రాసినట్లనే బిగించిన్రా?"

"అవునక్కా."

"కడగకుంట?"

"కడగలే."

ఆమె రోకలి గోడకు ఆనించింది. "కొత్త బిందె తెస్తం. పసుపు రాసి బొట్టు పెడ్తం. తెల్లారి కడిగే కదరా నీళ్ళు పట్టేది? కొత్త కుక్కర్‌కు పసుపు రాసి, గట్లనే పప్పు పొయ్యి మీద పెడ్తమా? రాత్రి దేవుని కాడ పెట్టినం, దేవుడు చూసిండు, అయిపాయె. పొద్దుగాల కడిగి పనికి తోలాలె. గింత సుత ఎరుక లేదా? బీఎస్సీ సదివితివి, మీటర్ల ఆఫీసుల పని చేస్తివి."

రాఘవేందర్ సంచిలోంచి జారిన వంకాయను అందుకుని మళ్ళీ లోపల పెట్టాడు.

"నీకు లేదు సరే. ఆ భాయ్‌కి ఇంట్ల ఆడోళ్ళు లేరా? ఆ పిల్లకు లేదా? ఇంట్ల గిన్నె కడిగిన మొఖాలైతే కదా చక్రం కడగాల్నని తెలిసేది."

రెండు వారాలు తన మీద వేసుకుని తిరిగిన బరువును ఆమె ఇంత తేలిగ్గా దించేసింది. పైగా తప్పంతా తిరిగి తమ నెత్తినే పెట్టింది. తిట్లు తింటూ రాఘవేందర్‌కు ప్రాణం హాయిగా ఉంది. ఇంకొన్ని తిట్టినా బాగుండుననిపించింది. కానీ ఆమె ఆగిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుని, ఈసారి గొంతు మార్చి, "నేను సుత సందుల్ల గుచ్చి గుచ్చి రాయకుంట ఉండాల్సింది. పిల్ల చెయ్యి వాచింది కదరా" అంది.

"మట్టి మెత్తగుండె అక్కా. ఏం కాలే."

"ఆ, మెత్తగనే ఉండె." ఆమె తల ఊపి మళ్ళీ రోకలి అందుకుంది.

ఆ రాత్రి పళ్ళచక్రం మామూలుగానే నిద్ర చేసింది. శనివారం పొద్దున అనసూయమ్మే దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, సబ్బుపొడి, కొబ్బరిపీచు పెట్టి, పెళ్ళిగిన్నెలు తోమినట్టు తోమి ఎండలో ఆరబెట్టింది. మధ్యాహ్నం షంషీర్ సామాను సంచితో ఇంటికే వచ్చాడు. పసుపు ఆనవాలు కూడా లేని పళ్ళచక్రాన్ని రెండు చేతులా తిప్పి చూశాడు.

"ఇగ నువ్వు తుడువు భాయ్," అంది అనసూయమ్మ చాయ్ గ్లాసు అందిస్తూ. "నీ మందులేవో పెట్టి తుడువు. నేనే చెప్తున్న."

"అమ్మ హుకుం అయినంక ఇగ ఆగుతనా," అన్నాడు షంషీర్. పెట్రోలులో తడిపిన తెల్లబట్టతో చక్రం రెండువైపులా, అది కూర్చునే చోటూ, బోల్టుల మరలూ తుడిచాడు. బట్టకు ఏమీ అంటనంతవరకూ తుడిచాడు. బోల్టులు మాత్రం తాను ముట్టలేదు. "బేటీ, నువ్వు బిగించు. రేపు దీని మీద కూసునేది నువ్వు."

సృజన ఒక్కో బోల్టుకు జిగురు చుక్క వేసి చేత్తో తిప్పింది. తర్వాత పానా పట్టి ఒకటి ఇటు, దాని ఎదుటిది అటు, కొంచెం కొంచెంగా బిగించింది. తెల్లగీతలు గీసింది. మందు ఆరేదాకా బండి ముట్టొద్దన్నాడు షంషీర్. పోయేముందు గేటు దగ్గర ఆగి, "మైదానంల రెండు చుట్లు మెల్లగ తిప్పినంక ఒకసారి పానా పెట్టి చూడుండ్రి. కొత్తది కుదురుకుంటది కదా. మొదటిసారి చూసుడు మర్వొద్దు" అన్నాడు. పోయినవాడల్లా మళ్ళీ ఫోను చేసి అదే మాట చెప్పాడు.

ఆదివారం మైదానంలో సృజన రెండు చుట్లు మెల్లగా తిప్పి వచ్చింది. పానా పెట్టి చూశారు. ఒక్క బోల్టూ కదల్లేదు. సృజన హెల్మెట్ పెట్టుకుని పోటీవాళ్ళ వరుసలోకి వెళ్ళింది.

పోటీ మొదలయ్యాక రాఘవేందర్ కూతుర్ని చూడలేదు. వెనక చక్రాన్నే చూశాడు. ఎర్రమట్టిలో అంత వేగంగా తిరిగే చక్రంలో ఏమీ కనబడదని అతనికీ తెలుసు. నవంబరులో పడ్డ దిబ్బ దగ్గర మొదటి చుట్టులో సృజన బాగా తగ్గించింది. ఇద్దరు దాటిపోయారు. తర్వాతి చుట్టులోనూ తగ్గించింది, ఇంకొకరు దాటిపోయారు. తండ్రి కంచెకు మరింత దగ్గరగా జరిగాడు. పోతే పోనీ, అందరూ దాటిపోనీ అనుకున్నాడు. ఆ తర్వాతి చుట్టులో ఇంజన్ చప్పుడు తగ్గలేదు. బండి దిబ్బ ఎక్కి, గాలిలోకి లేచి, కాసేపు అక్కడే ఉన్నట్టుండి, ముందూ వెనకా చక్రాలు ఒక్కసారే నేలకు ఆనించి సాగిపోయింది. దిగడం ఎంత మెత్తగా ఉందంటే, షంషీర్ ఉంటే తన మాట వెనక్కి తీసుకునేవాడు.

మధ్యలో ఎక్కడో ముగించింది. ఎన్నో స్థానమో తండ్రి అడగలేదు, కూతురు చెప్పలేదు. ఆమె హెల్మెట్ తీసేలోపే అతను మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళచక్రం మీది మట్టిని వేలితో తుడిచాడు. ఒకటి. పక్కది. దాని పక్కది. చుట్టూ తిరిగి వచ్చాడు. తెల్లగీతలన్నీ గీసినవి గీసినట్టే ఉన్నాయి.

"నాన్నా, లే. అందరు చూస్తున్రు," అంది సృజన. అంటూనే తానూ పక్కన కూర్చుని ప్రతి గీతా మళ్ళీ తుడిచి చూసింది.

జెరెమియా నీళ్ళ సీసాతో వచ్చాడు. "అక్కా, మరి బండి సంగతి?"

"నీకు మంచిది నేనే వెతికిపెడ్తలే. దీని ముచ్చట ఇడిసిపెట్టు."

"గట్లెట్లక్కా? పోయిన నెల ఇస్తనంటివి."

"పోయిన నెల చెయ్యి నొస్తుండెరా. నొప్పిల అన్నది లెక్కకు రాదు."

"మా అమ్మ సుత గిట్లనే మాట మారుస్తది," అని జెరెమియా నీళ్ళ సీసా ఆమెకే ఇచ్చి నవ్వుకుంటూ పోయాడు.

ఇంటికొచ్చి సృజన బండి కడిగింది, తాను కడుక్కుంది. పెరుగన్నం తింటూ అత్తకు ఆ దిబ్బ ఎలా దూకిందో అప్పడం ముక్కతో చూపించింది. "కిందికి దిగేటప్పుడు కండ్లు మూస్తవా ఏంది?" అంది అనసూయమ్మ. "మూస్తే పడ్త కదత్తా." "నేనైతే మూస్త," అంది అనసూయమ్మ. జనవరిలో ఇంకో పోటీ ఉందనీ, అప్పటికి చైన్ కూడా మార్చాలనీ, ముందుండే చిన్న పళ్ళచక్రం కూడా అరిగిందేమో చూడాలనీ సృజన చెప్పుకుపోయింది. చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆవలించి, తన గదిలోకి వెళ్ళి అడ్డంగా పడుకుంది. వీధిలో పిల్లలు ఇంకా ఆడుకుంటున్నారు. టీవీలో వార్తలు అవుతున్నాయి.

రాఘవేందర్ దుప్పటి తీసుకుని గదిలోకి వెళ్ళాడు. జుట్టు తడిగానే ఉంది. మణికట్టు మీది వాపు పూర్తిగా తీసింది. ఆ చేతిని తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఏడో తరగతి పిల్లలా నిద్రపోతోంది. దుప్పటి కప్పి, ఫ్యాన్ ఒక మెట్టు తగ్గించి, లైటు తీశాడు. ఆ తలుపు సగంలో కిర్రుమంటుంది. అందుకని కింది అంచును కాలితో కొంచెం పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాడు.